ఉందని చెప్పి తీసేసిన చెయ్యి

సాయంత్రం జిమ్నాస్టిక్స్ క్లాసు అయ్యాక తడిగుడ్డతో పరుపులు తుడవడం నా పని. ఎవరూ అప్పగించలేదు. ఒక రోజు తుడిచాను, మర్నాటి నుంచి అది నాదైపోయింది. నాతోపాటు నేర్చుకునే అబ్బాయిలు చెమట తుడుచుకుని వెళ్ళిపోతారు. "నీకు ఓపిక ఎక్కువమ్మా" అంటారు మాకు నేర్పే సార్. ఆ మాట వినడం కోసం చిన్నపిల్లలకు జడలు బిగిస్తాను, ఏడ్చేవాళ్ళను ఊరుకోబెడతాను, వాళ్ళు కొత్తవి నేర్చుకునేటప్పుడు పడకుండా నడుం కింద చెయ్యి పెడతాను. ఆ మాట కోసమే మొన్న ఆ పని కూడా చేశాను. రాయాలంటే సిగ్గుగా ఉంది.

తొమ్మిదేళ్ళ పాప ఒకతి ఉంది. అందరూ నత్త అంటారు. పరుపు జారుతుందేమోనని బొటనవేలితో నొక్కి చూసిగానీ అడుగు వేయదు. సన్నటి చెక్క దూలం మీద వెనక్కి వంగి, చేతులు ఆనించి, కాళ్ళు గాల్లో తిప్పి మళ్ళీ నిలబడాలి. నెల రోజులుగా నా చెయ్యి ఉంటేనే చేస్తోంది. వంగే ముందు ప్రతిసారీ "అక్కా, చెయ్యి ఉందా?" అంటుంది. "ఉంది" అంటేనే వంగుతుంది.

మొన్న సార్ నా చెవిలో, "ఉందని చెప్పి తీసెయ్. లేకపోతే దీనికి ఈ జన్మలో రాదు" అన్నారు. ఉందన్నాను. తీసేశాను. పాప చక్కగా తిరిగి నిలబడింది. సార్ చప్పట్లు కొట్టి, "చూశావా నత్తా, అక్క చెయ్యే పెట్టలేదు!" అన్నారు. అబ్బాయిలు ఈలలు వేశారు. పాప నా చేతుల వైపు చూసింది. వాటిని వెనక్కి దాచుకున్నాను. ఎందుకు దాచానో అప్పుడు తెలియలేదు.

నిన్న పాప దూలం ఎక్కలేదు. గోడవారన బెంచీ మీద కూర్చుంది. "వచ్చినదానికి కూడా భయమేంటే?" అని వాళ్ళమ్మ విసుక్కుంది. "రేపూ ఇలాగే ఉంటే మానిపించేస్తాను సార్" అంది.

ఇంటికొచ్చి, ఇస్త్రీ చేస్తున్న అమ్మకు ఇదంతా నవ్వుతూ చెప్పాను. అమ్మ నవ్వలేదు. "మీ నాన్న నాకు సైకిల్ నేర్పిందీ ఇలాగే" అంది. చుట్టాలొచ్చినప్పుడల్లా నాన్న చెప్పే కథ అది. "ఎంత నేర్పినా ఈవిడకు రాలేదు" అంటారు. నేనూ పగలబడి నవ్వేదాన్ని.

"పడ్డావనే కదా మానేశావు?"

"పడలేదే. వీధి చివరిదాకా తొక్కాను. పట్టుకున్నారా అంటే పట్టుకున్నానన్నారు. తిరిగి చూస్తే బయల్దేరిన చోటే నిలబడి, పక్కింటాయనతో కలిసి నవ్వుతున్నారు. దిగి, నడిపించుకుంటూ వచ్చేశాను. మళ్ళీ ఎక్కలేదు."

"మరి రాలేదంటుంటే ఊరుకుంటావేం?"

"'నాకు వచ్చింది, మీ మాట మీదే నమ్మకం పోయింది' అని అంతమందిలో ఎలా అనను?" అని అమ్మ నాన్న చొక్కా కాలరు తిప్పి ఇస్త్రీపెట్టె ఆనించింది. నా చెంపలు మండాయి. అన్నేళ్ళు నవ్వినందుకో, మొన్న చేసినదానికో తేల్చుకోలేకపోయాను.

పదిమందిలో మాట్లాడటం నాకు అలవాటు లేదు. అయినా ఈరోజు బెంచీ దగ్గరికి వెళ్ళి, సారూ, పాప వాళ్ళమ్మా వింటుండగానే, "పాపా, మొన్న నేను అబద్ధం చెప్పాను. తప్పు నాది" అన్నాను.

"సాయం చెయ్యమంటే సంజాయిషీలేంటి? దాన్ని నెత్తికెక్కించుకోకు" అన్నారు సార్.

పాప నా చేతుల వైపు చూసింది. "తియ్యమని నేనే చెప్తా. చెప్పేదాకా తియ్యకూడదు."

"అసలు చెప్పకపోతేనో?" అన్నారు సార్.

"చెప్పకపోతే తియ్యను" అన్నాను. ఆయన మొహం వైపు చూడలేదు.

పాప దూలం ఎక్కింది. పదకొండుసార్లు వంగి లేచింది. నా భుజం నొప్పెట్టింది. ఒక్కసారి కూడా తియ్యమనలేదు. తను నన్ను పరీక్షిస్తోందని పదకొండోసారికి అర్థమైంది.

"రేపు కూడా పరీక్షించుకో" అన్నాను.