వానలన్నీ పట్టిన టేపు

“ఈసారికి మానెయ్. అమ్మ లేచి తిరగడం మొదలుపెట్టాక మళ్ళీ చేరొచ్చుగా. ఉద్యోగం ఎక్కడికి పోతుంది?”

పొద్దున తన చొక్కా ఇస్త్రీ చేస్తున్న భార్యతో అతను అన్న మాట ఇది. అత్తగారికి ఎల్లుండి మోకాలి ఆపరేషన్. ఇంట్లో ఒక మనిషి ఉండాలి. ఆ మనిషి ఎవరన్న ప్రశ్న ఆ ఇంట్లో ఎవరికీ రాలేదు, అతని సెలవులన్నీ వాడకుండా పడి ఉన్నా సరే. సాయంత్రంలోగా ఆఫీసరుకి చెప్పేస్తానని ఆమె కూడా తల ఊపింది.

ఆమెది వాతావరణ కార్యాలయంలో కంప్యూటర్ల పని. అక్కడికి కొత్తగా బీరువా అంత టేపుల లైబ్రరీ వచ్చింది, కంప్యూటర్లలోని లెక్కల్ని టేపుల మీదికి ఎక్కించి దాచే యంత్రం. కంపెనీ ఇంజనీరు దాన్ని దింపించి, తీగలు తగిలించి, “కంప్యూటర్లో లినక్స్ సంగతి మీరు చూసుకోండి మేడమ్” అని మెల్లగా జారుకున్నాడు. డిస్కులు నిండిపోయాయని ఆఫీసరు నెత్తీ నోరూ కొట్టుకుంటున్నాడు. పాత లెక్కలన్నీ టేపుకి ఎక్కాయని ఆమె ఒక్క మాట అంటే చాలు, రేపు వాటిని డిస్కుల మీంచి తుడిచేస్తాడు. వేరే నకలు లేదు.

ఆమె కీబోర్డు మీద ఆదేశం కొట్టింది. నాలుగో అరలో టేపు తీసి, దాని మీద రాసే డ్రైవులో పెట్టమని. అద్దం వెనక ఇనప చెయ్యి కదిలింది. అర ముందు ఆగి, టేపుకి అతికించిన చారల చీటీని ఎర్రటి వెలుగుతో చదివి, ఇదేనని రూఢి చేసుకుని, పసిబిడ్డని ఎత్తినట్టు ఎత్తి తెచ్చి డ్రైవులో పెట్టింది. ఆమె నోరు తెరుచుకుని ఉండిపోయింది. ఒక్కసారి చెప్పిందంతే! మంచం మీద తడి తువ్వాలు వెయ్యకండని పెళ్ళయిన నాటి నుంచీ ఇంట్లో చెబుతోంది, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. పైగా “ఇంత చిన్నదానికి అంత రాద్ధాంతమా” అని ఎదురు దెప్పు. పని లేకపోయినా ఐదో అరలో టేపుని ఆరో అరలోకి మార్పించింది, ఆ చెయ్యి కదలడం ఇంకోసారి చూడ్డానికి. ఎవరైనా చూశారేమోనని సిగ్గుపడి వెనక్కి తిరిగింది కూడా.

తర్వాత అసలు పని. ముందు వానల లెక్కలు పంపింది, తర్వాత గాలులవి, చివరికి ఎండలవి. యంత్రం ఎక్కడా తప్పు చూపలేదు. అరచేతిలో పట్టే ఆ టేపు పెట్టెలోకి అమ్మమ్మల నాటి వానలు కూడా వెళ్ళి కూర్చున్నాయనుకుంటే ఒళ్ళు జలదరించింది.

ఆఫీసరు తలుపులోంచి తొంగి చూశాడు. “అయిందా అమ్మా? తుడిపించెయ్యనా?”

“ఆగండి సార్. తిరిగొస్తాయో లేదో చూడాలి.”

“వెళ్ళినవి రాక ఎక్కడికి పోతాయమ్మా!”

ఆమె వినలేదు. వెనక్కి తెచ్చి చూడని నకలుని నకలనదు ఆమె. టేపు మొదట్లో ఏముందో చదవమంది. వానలు రావాలి. ఎండలొచ్చాయి. వెనక వెతికితే గాలులూ లేవు.

తప్పు తనదే. లినక్స్‌లో ఆ డ్రైవుకి రెండు పేర్లు. ఒక పేరుతో పిలిస్తే పని అవగానే టేపుని మొదటికి చుట్టేస్తుంది. రెండో పేరుతో పిలిస్తే ఆగినచోటే నిలబడుతుంది. ఆమె మొదటి పేరుతో పిలిచింది. గాలులు వానల మీద, ఎండలు గాలుల మీద పడ్డాయి. యంత్రం మాత్రం చెప్పింది చెప్పినట్టు చేసింది.

ఆమె కుర్చీలో కూలబడింది. పెళ్ళికి ముందు ఒక ఉద్యోగం చేసింది. “కొత్త కాపురం, మళ్ళీ చేరొచ్చు” అన్నారు. తర్వాత ఇంకొకటి చేసింది. పాప పుట్టగానే “పసిది కదా, మళ్ళీ చేరొచ్చు” అంది అత్తగారు, ప్రేమగానే. చేరిన ప్రతిసారీ కొత్తదానిలాగే చేరింది, అదే అడుగు జీతానికి, తన తర్వాత చదివినవాళ్ళ చేతికింద. అంతకుముందు నేర్చుకున్నది ఎవరూ అడగలేదు. మొదటికి చుట్టి తన మీద తనే రాసుకుంటూ వచ్చింది. కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. ముక్కు చీదుకుని, డ్రైవుని రెండో పేరుతో పిలిచి, అన్నీ మళ్ళీ పంపింది.

ఈసారి వానలొచ్చాయి. వాటి వెనక గాలులు, వాటి వెనక ఎండలు. “నువ్వు పుట్టిన రోజు కుండపోత” అనేది అమ్మ. ఆ తేదీ తెరిచింది. నిజమే, అంత వానా అంకెల్లో ఉంది. ఎవరో ఆ కుండపోతలో తడుస్తూ వెళ్ళి, వాన కొలిచే గాజుగొట్టం చూసి రాసుకున్నారు. ఆమె తెర మీద వేలు పెట్టి అలాగే ఉండిపోయింది. ఎంత అద్భుతం, ఏదీ చెరిగిపోకపోవడం!

“ఇప్పుడు తుడవండి సార్” అని ఆఫీసరుకి చెప్పి వచ్చేసరికి ఫోన్ మోగుతోంది.

“ఏం, ఆఫీసరుకి చెప్పేశావా?” అన్నాడు భర్త.

“లేదు. చెప్పను. సెలవు మీరు పెట్టండి.”

“నేనా? ఇల్లు, వంట, అమ్మని చూసుకోవడం... నాకేం తెలుసే అవన్నీ? ఎక్కడ మొదలుపెట్టాలో కూడా తెలీదు.”

“మొదటి నుంచి మొదలుపెట్టండి” అంది ఆమె. “నేను మూడుసార్లు పెట్టాను.”