గేటు దగ్గర టీములు కట్టిందెవరు?

ఘాజియాబాద్‌లోని ఓ కాలేజీలో సోషియాలజీ చెప్పే సునంద కోర్సు ఉంటుందా, ఊడుతుందా అన్నది ఆ ఉదయం ఒక్క విద్యార్థి నోటిమాట మీద నిలబడింది.

ఆమె వ్యాసాలు రాయించడం మానేసింది. పిల్లలు ఏఐతో వాదించాలి. ఆ సంభాషణంతా ప్రింటు తీసివ్వాలి. అది చెప్పినదాన్ని ఎక్కడ కాదన్నారో, ఎందుకు కాదన్నారో, దానికే మార్కులు. “మిషన్ చూసి కాపీ కొట్టిస్తున్నారు” అని ఎవరో ఫిర్యాదు చేశారు. విచారణకు వచ్చిన శేషగిరి కేంద్ర ప్రభుత్వంలో పెద్ద హోదాలో రిటైరైన మనిషి.

“ఒకణ్ణి పిలుస్తానమ్మా. ఫోను బయట పెట్టి రావాలి. తను ఇచ్చిన కాగితాల్లో ఉన్నది తనే చెప్పగలిగితే మీ కోర్సుంటుంది. లేదంటే ఈ సెమిస్టరుతో సరి.”

ఆయన వేలు జాబితాలో పృథ్వీరాజ్ పేరు మీద ఆగింది. ఏడాదిగా క్లాసులో నోరు విప్పనివాడు.

పృథ్వీరాజ్ వచ్చి నిలబడ్డాడు.

“దేని మీద వాదించావోయ్?” అన్నారు శేషగిరి.

“మా సర్కారీ కాలనీ మీద, సర్. అందరూ ప్రభుత్వోద్యోగులే గనక అక్కడ తేడాలు తక్కువని ఏఐ అంది. గలత్, అది తప్పన్నాను. జీతాన్ని బట్టి క్వార్టర్లు కదా. చిన్న జీతాల టైప్-టూ పిల్లలు పెద్ద జీతాల మా టైప్-ఫైవ్ పార్కులోకి రారు.”

“రావద్దని ఎవరన్నారు?”

“ఏఐ కూడా అదే అడిగింది సర్. ఎవరూ అనలేదన్నాను. అయితే వాళ్లనే అడగమంది. టైప్-టూలో సుధీంద్ర అని ఉన్నాడు, వాణ్ణి అడిగాను.” పృథ్వీరాజ్ గొంతు తగ్గింది. “‘పార్కు గేటు దగ్గర నిలబడి ఆటకి టీములు కట్టింది నువ్వే కదా భయ్యా, నన్నెప్పుడు పిలిచావ్’ అన్నాడు.”

“అంటే నీ తప్పు నీకు మిషన్ చూపించిందన్నమాట.”

“నహీ సర్. మిషన్ నన్ను వదిలేసింది. పిల్లలు చుట్టూ చూసిందే నేర్చుకుంటారు, నీ తప్పేం లేదంది. నేనొప్పుకోలేదు. అప్పటికి నాకు పదిహేనేళ్లు. టీముకి ఒకడు తక్కువైన రోజు కూడా వాణ్ణి పిలవలేదు.”

శేషగిరి ఏదో రాసుకోబోయారు.

“సర్, మీరు ఏ టైప్‌లో ఉండేవారు?” అన్నాడు పృథ్వీరాజ్.

సునంద ఉలిక్కిపడింది. ఆపబోయి ఊరుకుంది.

“టైప్-సిక్స్.”

“మీ పార్కులోకి ఎవరొచ్చేవాళ్లు?”

ఆయన కలం పక్కన పెట్టారు. “గుర్తు లేదు బాబూ,” అన్నారు. “కాదు, గమనించలేదనాలి.”

తర్వాత కాగితం మీద రెండు లైన్లు రాసి సంతకం పెట్టి సునంద వైపు తోశారు. కోర్సు కొనసాగించవచ్చు. వచ్చే ఏడు మిగతా సెక్షన్లకూ పెట్టాలి.

“మేడమ్, ఎక్కువ మాట్లాడానా?” వరండాలో అడిగాడు పృథ్వీరాజ్.

“లేదు. క్లాసులోనూ అడుగు,” అంది సునంద.

అతనిచ్చిన ఇరవై పేజీలూ ఆమె అప్పటికే రెండుసార్లు చదివి ఉంది. శేషగిరిని అడిగిన ఆ ప్రశ్న వాటిలో ఎక్కడా లేదు, అది అతని సొంతం. ఆ ఆనందంతోనే ఆమె మెట్లు ఎక్కింది.