పెద్ద వయొలిన్ ఎడమ చెవి

తిట్టినవాళ్ళని తిరిగి తిట్టొచ్చు. మోసం చేసినవాళ్ళని నలుగురిలో నిలదీయొచ్చు. లోకమంతా వింటుండగా గొంతు వణికించుకుంటూ, మనల్ని ఆకాశానికెత్తేస్తూ, ఆ ఎత్తడంలోనే మన కొంప ముంచిన మనిషిని ఏం చెయ్యాలి? గురువారం ఉదయం ఎనిమిదింబావుకి, వంటింట్లో చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ నిలబడ్డ పెద్ద వయొలిన్‌కి సరిగ్గా ఈ చిక్కే వచ్చిపడింది.

పెద్ద వయొలిన్ అంటే వాయిద్యం కాదు, మనిషి. రేడియో స్టేషన్ వాద్యబృందంలో ఇద్దరు ఆడవాళ్ళు వయొలిన్ వాయిస్తారు. యాభై నాలుగేళ్ళావిడ పెద్ద వయొలిన్, ముప్పై ఒక్క ఏళ్ళ పిల్ల చిన్న వయొలిన్. గేటు దగ్గర కాపలా అతను మొదలుకొని డైరెక్టరు దాకా అందరూ అలాగే పిలుస్తారు. హాజరు పట్టీలో తప్ప వాళ్ళ అసలు పేర్లతో ఎవరికీ పని పడలేదు.

ఆ ఉదయం రేడియోలో మాట్లాడుతున్నది చిన్న వయొలినే. ఈమధ్య ఆ పిల్లకి మంచి పేరొచ్చింది. చంటిపిల్లల తల్లులకి సంగీతం క్లాసు పెట్టింది. ముప్పైమంది ఆడవాళ్ళు పిల్లల్ని ఒళ్ళో వేసుకుని పాడుతుంటే చూడ్డానికే జనం వస్తున్నారు. అందుకని రేడియోవాళ్ళు పిలిచి, కళ గురించీ, తల్లితనం గురించీ, తోటివాళ్ళకి సాయపడ్డం గురించీ మాట్లాడమన్నారు. "మా చిన్నది మాట్లాడుతోంది, తప్పకుండా వినండి" అని పెద్ద వయొలిన్ ముందురోజే ఇరుగుపొరుగు తలుపులన్నీ తట్టి వచ్చింది. చూడండి మరి ఆవిడ తెలివి!

పాతిక నిమిషాలు బాగానే సాగింది. "మీకు ఇంత ధైర్యం ఎవరిచ్చారు?" అని అడిగింది యాంకరు.

"నా పక్క కుర్చీలో వాయించే అక్క. పేరు చెప్పను. పాప పుట్టినప్పుడు ఆవిడ ఎడమ చెవి పోయిందండీ. పూర్తిగా. ఇరవై ఎనిమిదేళ్ళ నుంచి ఒక్క చెవితో వాయిస్తోంది. స్టేషన్లో ఎవ్వరికీ తెలీదు. కన్నకూతురికి కూడా తెలీదు. తెలిస్తే తన వల్లే పోయిందని ఆ పిల్ల కుమిలిపోతుందని దాచింది. అంతేనా! అది వంశంలో వచ్చే జబ్బు, రేపు కూతురికి కూడా కడుపుతో ఉన్నప్పుడు రావొచ్చు అన్నాడట డాక్టరు. ఆ భయాన్ని కూడా ఎవరికీ చెప్పకుండా ఒక్కతే మోసింది. తల్లంటే ఆవిడండీ!"

యాంకరు ముక్కు ఎగబీల్చింది. పెద్ద వయొలిన్ రేడియో కట్టేసింది. ఊరంతా వినేసిన మాటని ఒక్క వంటింట్లో కట్టేస్తే ఏం లాభం? "ఒసేయ్, నీ నోరు పడిపోనూ!" అని గోడలు అదిరేలా అరిచింది. అరిచాక అక్కడే పీట వేసుకుని కూర్చుండిపోయింది.

ఆ చెవి సంగతి ముగ్గురికే తెలుసు. డాక్టరు ఎప్పుడో రిటైరయ్యాడు. భర్త పోయి పదేళ్ళయింది. మూడో మనిషి చిన్న వయొలిన్. ఇన్నేళ్ళూ గుట్టు నిలబడిందంటే ఒక కుర్చీ పుణ్యం. రికార్డింగు గదిలో వరసకి ఎడమ చివర, గోడని ఆనుకుని ఉన్న కుర్చీ ఆవిడది. అక్కడ కూర్చుంటే పాడేవాళ్ళూ వాయించేవాళ్ళూ అందరూ కుడివైపే ఉంటారు. "ఫ్యాను గాలి తగిలితే నాకు మెడ పట్టేస్తుంది" అని అందరికీ ఒకటే కారణం చెప్పేది. తన వయొలిన్ తనకి వినబడ్డానికి మాత్రం ఇబ్బంది లేదు. గడ్డం ఆన్చిన చోటినుంచి దవడ ఎముక గుండా నాదం నేరుగా లోపలికొచ్చేది.

అంత గుట్టు ఎందుకు విప్పిందీ అంటే, అదీ జాలిపడే. నాలుగేళ్ళ కిందట చిన్న వయొలిన్ మూడు నెలల పాపతో, చేతిలో రాజీనామా కాగితంతో వాయిద్యాల గదిలో కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది. "నా వల్ల కాదక్కా. ఇంట్లో దాని ఏడుపు, ఇక్కడ నా అపస్వరాలు. మానేస్తాను" అంది. పెద్ద వయొలిన్ నాలుగు రోజులు చిలక్కి చెప్పినట్టు చెప్పింది. ఎక్కితేగా! ఐదో రోజు ఇక లాభం లేదని, పస్తున్న పిల్లకి తన కంచంలోది తీసిపెట్టినట్టు, తన చెవి సంగతి చెప్పింది. డాక్టరు చెప్పిన రెండో మాట కూడా చెప్పింది. ఆ పిల్ల కళ్ళు తుడుచుకుని కాగితం చింపేసింది. "నా పాప మీద ఒట్టు, ఎవరికీ చెప్పనక్కా" అంది. ఆ తర్వాత ఏడాదిపాటు, ఆ పిల్ల రికార్డింగులో ఉన్నంతసేపూ పాపని భుజాన వేసుకుని వరండాలో తిరిగింది ఎవరనుకున్నారు? ఈ వెర్రితల్లే.

పీట మీద కూర్చున్న మనిషికి ఉద్యోగం గుర్తు రాలేదు, పరువు గుర్తు రాలేదు. కూతురు విందా లేదా? అదొక్కటే. కూతురికి ఏడో నెల. ఒక కంపెనీలో, ఫోన్లో జనం ఫిర్యాదులు వినే ఉద్యోగం. ఎనిమిదింటికే డ్యూటీ కాబట్టి రేడియో వినే తీరిక ఉండదు. ఉండదుగానీ, విన్నవాళ్ళు ఊరుకుంటారా? చెప్పాలనే అనుకుంది ఆవిడ. కడుపుతో ఉన్నానని కూతురు ఫోన్ చేసిన రోజే చెప్పాలనుకుంది. మూడో నెల దాటాక చెబుదామనుకుంది. తర్వాత స్కానింగ్ అయ్యాక అనుకుంది. ఏదో ఒక వంకతో ఏడో నెల వచ్చేసింది.

స్టేషన్‌కి వెళ్ళేసరికి అక్కడ పెద్ద సందడి. కాపలా అతను సెల్యూట్ కొట్టాడు. డ్రమ్ములు వాయించే అతను కుడిచెవి దగ్గరికొచ్చి "నమస్కారమండీ!" అని కొండ మీదివాళ్ళని పిలిచినట్టు కేకేశాడు. నిన్నటిదాకా మామూలుగా మాట్లాడినవాళ్ళందరికీ ఒక్క పూటలో గొంతు పెరిగింది. ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. అయినా ఎవరిని ఏమంటుంది? అందరూ దణ్ణాలు పెడుతున్నవాళ్ళే.

డైరెక్టరు కుర్చీలోంచి లేచి మరీ ఎదురొచ్చాడు. "ఇంత కష్టపడుతున్నారని తెలీక, ఇన్నాళ్ళూ మిమ్మల్ని వాయించనిచ్చాం. మాకే సిగ్గుగా ఉందమ్మా. వచ్చే నెల నుంచి పాత టేపుల గదిలో కూర్చోండి. లేబుళ్ళు రాసుకోవడమే, హాయిగా ఉంటుంది."

"నా వాయింపులో ఎప్పుడైనా తేడా విన్నారా సార్?"

"అబ్బే, ఏనాడూ లేదమ్మా."

"మరెందుకు సార్?"

"ఇప్పుడు తెలిసింది కదమ్మా" అన్నాడాయన, ఎంతో ప్రేమగా.

చిన్న వయొలిన్ వాయిద్యాల గదిలో దొరికింది. చేతిలో పూలగుత్తి, మొహమంతా నవ్వు. "అక్కా, విన్నావా?" అంటూ కౌగిలించుకోబోయింది.

"ఒట్టు పెట్టావు కదే!"

ఆ పిల్ల నవ్వు అక్కడే ఆగిపోయింది. "నీ పేరు చెప్పలేదు కదక్కా..."

"ఈ స్టేషన్లో వయొలిన్ వాయించే ఆడవాళ్ళు ఎంతమంది?"

"ఇద్దరం."

"నువ్వు పోగా ఎంతమంది?"

చిన్న వయొలిన్ పూలగుత్తి బల్ల మీద పెట్టేసింది. "గొప్పగానే చెప్పాను కదక్కా. పొద్దున్నుంచి ఎన్ని ఫోన్లో! ఒకావిడ మానేసిన ఉద్యోగానికి మళ్ళీ వెళ్తానంది. ఆ రోజు నువ్వు నాకు చేసిందే నేను వాళ్ళకి చేశాను."

"నేను నీకు నాది తీసిచ్చానే. నువ్వు వాళ్ళకి నాది తీసిచ్చావు. నీది ఏం పోయింది? మా అమ్మాయికి ఏడో నెలని తెలిసి కూడా ఎలా నోరొచ్చింది నీకు?"

ఆ పిల్ల బిత్తరపోయి చూసింది. "నువ్వింకా చెప్పలేదా? ఏడో నెల వచ్చాక కూడా చెప్పలేదా అక్కా? చెప్పేసి ఉంటావనుకున్నా. రేడియోలో 'తెలీదు' అన్నది ఊరికే కథ బాగుంటుందని అన్నాను."

"కథ బాగుంటుందనా!" పెద్ద వయొలిన్ ఒంటికాలి మీద లేచింది. "నా కూతురికి చెప్తానో మానేస్తానో నా ఇష్టం. నీకెందుకు? ఇక జన్మలో నన్ను అక్కా అనకు" అనేసి తలుపు దభాలున వేసి వచ్చేసింది. బయటికొచ్చాక వరండాలో ఏడ్చింది. నాలుగేళ్ళు కడుపులో పెట్టుకుని చూసుకున్న పిల్ల, కథ బాగుండాలని తనని తీసుకెళ్ళి వీధిలో నిలబెట్టింది. ఆ ఒక్క ముక్క ఆవిడకి ఎంతకీ మింగుడుపడలేదు.

కూతురు ఆ రోజు ఫోన్ ఎత్తలేదు. శుక్రవారం ఎత్తలేదు. శనివారం "పనిలో ఉన్నా" అని రెండు ముక్కల మెసేజ్ పెట్టింది. ఆదివారం పొద్దున్నే పెద్ద వయొలిన్ బస్సెక్కింది. దారంతా మాటలు కూర్చుకుంది. కూతురు మెడని చుట్టుకుని 'నా వల్లే కదమ్మా' అని ఏడుస్తుంది. తను వీపు నిమిరి, 'పిచ్చిదానా, నీ వల్ల కాదే' అంటుంది. ఆ తర్వాత ఇద్దరూ కలిసి ఆ నంగనాచిని చెడామడా తిట్టుకుంటారు. ఆ తిట్లు కూడా సిద్ధంగానే ఉన్నాయి.

అల్లుడు తలుపు తీసి, "రండత్తయ్యా" అని, తల దించుకుని కూరగాయల సంచీతో బయటికి జారుకున్నాడు. కూతురు పడగ్గదిలో కొత్త ఉయ్యాల మంచం ముందు కూర్చుని, స్క్రూడ్రైవరుతో మరలు బిగిస్తోంది. తలెత్తలేదు.

"చూశావా ఆ పిల్ల ఎంత పని చేసిందో!" అని మొదలెట్టింది పెద్ద వయొలిన్.

"విన్నాను. గురువారం మధ్యాహ్నమే. మా ఆఫీసులో అమ్మాయి ఫోన్లో వినిపించింది, 'మీ అమ్మగారట కదా' అని."

"అందులో నీ తప్పు ఏమీ లేదు తల్లీ. నీ వల్ల అనుకోకు..."

"నేనడిగేది అది కాదమ్మా. నాకూ రావొచ్చని డాక్టరు నిజంగా అన్నాడా?"

"అన్నాడు. కానీ అందరికీ రాదనీ అన్నాడు."

"ఎప్పుడన్నాడు?"

"నీకు ఏడాది నిండినప్పుడు."

కూతురు స్క్రూడ్రైవరు కింద పెట్టింది. "ఐదో నెల నుంచి నాకు ఎడమవైపు సరిగ్గా వినబడట్లేదు. హెడ్‌సెట్ పాడైందనుకున్నా. మూడు మార్పించాను. మూడోది ఇస్తూ ఆ రిపేరతను నవ్వాడు కూడా. తర్వాత కుడిచెవికి మార్చుకున్నా. ఈ టైములో ఇలాంటివన్నీ మామూలే, పురుడొస్తే అదే సర్దుకుంటుందనుకున్నా. నీకు చెబితే కంగారు పడతావని చెప్పలేదు."

'నాతో ఒక్క మాట అనకూడదా!' అన్నది పెద్ద వయొలిన్ నాలుక చివరిదాకా వచ్చింది. ఏ మొహం పెట్టుకుని అంటుంది? పక్కనున్న పెద్ద మంచం పట్టె మీద కూలబడింది. మూడు రోజుల నుంచీ తనొక్కతే మోసపోయిన మనిషిలా ఏడ్చింది. కూతురు తనవైపు చూస్తున్న చూపు అచ్చం అలాగే ఉంది.

"రెండు నెలలమ్మా. నాకు తెలిసుంటే మొదటి హెడ్‌సెట్టప్పుడే డాక్టరు దగ్గరికి పరిగెత్తేదాన్ని. నేను బాధపడతానని దాచావా? నా చెవి కదమ్మా!"

"తప్పేనే. ఒప్పుకుంటాను. ఇప్పుడే లే, వెళ్దాం. ఆదివారమైనా ఎవరో ఒకరు ఉంటారు."

"రేపు పదిన్నరకి టెస్టుంది. పిన్ని తీసుకెళ్తానంది."

పిన్ని అంటే చిన్న వయొలినే. తల్లిని అక్కా అని పిలుస్తుంది కాబట్టి, తనకంటే మూడేళ్ళే పెద్దదైనా కూతురు ఆటపట్టించడానికి ఆ పిలుపు మొదలెట్టింది. ఈసారి ఆ పిలుపులో ఆటేమీ లేదు.

"అది నీకు ఫోన్ చేసిందా?"

"నేనే చేశాను. థాంక్స్ చెప్పడానికి."

"దానికి థాంక్సా! నన్ను వీధిన పడేసినదానికా! నేను వస్తాను నీతో. కన్నతల్లిని నేనుండగా అదెవత్తి నిన్ను తీసుకెళ్ళడానికి?"

"వద్దమ్మా."

"ఎందుకు వద్దు?"

కూతురి గొంతులో కోపం లేదు, అందుకే ఆవిడకి ఎక్కువ భయమేసింది.

"డాక్టరు ఏం చెప్తాడో నాకు ఒక్క చెవితో సరిగ్గా వినబడకపోవచ్చు. పక్కనున్న మనిషిని అడగాలి కదా, ఏమన్నాడని. నువ్వుంటే నిజం చెప్తున్నావో, నేను భయపడతానని సగం మింగేస్తున్నావో నాకు తెలీదు. పిన్నికి నోరాగదు. ఆవిడైతే ఉన్నదున్నట్టు చెప్పేస్తుంది."

పెద్ద వయొలిన్‌కి ఏడుపు తన్నుకొచ్చింది. 'ఇక నుంచి ఏదీ దాచను' అని ఒట్టు పెడదామనుకుంది గానీ, ఒట్ల మీద తనకే నమ్మకం పోయింది. కూతురు ఉయ్యాల మంచం వైపు తిరిగి, మిగిలిన మర బిగించడం మొదలెట్టింది. కాసేపటికి అల్లుడు కూరగాయలతో తిరిగొచ్చి, "అత్తయ్యా, భోంచేసి వెళ్తారు కదా?" అని అడిగాడు. పెద్ద వయొలిన్ సమాధానం కోసం కూతురి మొహం వైపు చూసింది.