స్వాగత గీతం

"ముడత లేకుండా చెయ్యి సరళా, ఫొటోలుంటాయి," అంటూ మా ఆయన వెంకటకృష్ణ తన తెల్లచొక్కా నా చేతికిచ్చాడు.

ఇస్త్రీపెట్టె వేడెక్కేలోపు చట్నీ రుబ్బాను, అత్తగారికి కాఫీ ఇచ్చాను, ఆయన మైకులో చదవబోయే మాటలు కాగితం మీద రాసిపెట్టాను. తండాల్లో ఆడవాళ్ళకు యంత్రాలు ఇచ్చి, వాటిని నడపడం నేర్పే ప్రభుత్వ శిక్షణ కేంద్రంలో ఆయన కోఆర్డినేటర్. ఆయన ఉపన్యాసాలు పెళ్ళైన కొత్త నుంచీ నేనే రాస్తున్నాను. శిక్షణ పాఠాలను లంబాడీలోకి మార్చేదీ నేనే, నేను టీచరుగా ఉన్న బడి నుంచి వచ్చి, అంట్లు తోమి, అందరూ టీవీ ముందు కూర్చున్నాక. "నీ భాషే కదా, నీకేం కష్టం," అనేవాడు. అది నా భాష అని ఆయనకు గుర్తొచ్చేది అప్పుడొక్కప్పుడే. అమ్మతో ఫోన్లో మాట్లాడుతుంటే మా అత్తగారు బుల్లెమ్మగారు టీవీ సౌండు పెంచేవారు. "ఆ గోల వింటే నాకు తలనొప్పమ్మా, వాకిట్లోకి వెళ్ళి మాట్లాడుకో," అనేవారు. వీళ్ళు కోస్తా నుంచి వచ్చి బూర్గంపాడులో పొలాలు కొనుక్కున్నవాళ్ళు. నేను కారేపల్లి దాటాక అడవి అంచున ఉన్న తండా పిల్లను. ఇద్దరం ఇష్టపడి చేసుకున్నాం. ఈ ఇంట్లో మాత్రం ఆ సంగతి నాకు చేసిన సాయంగానే చెప్పుకుంటారు.

ఆ రోజు హైదరాబాద్ నుంచి పెద్ద ఆఫీసరు మేడం చూడబోతున్నది మా తండానే. అక్కడి కారం మిల్లును. నా చెల్లెలు హేమలత చనిపోయిన మిల్లును.

మిల్లు పెట్టిన రోజు హేమలత ఫోన్ చేసి నవ్వింది. "అక్కా, బావ పొద్దున్నే వచ్చిండు. బ్యానర్ కట్టిండు, సమోసలు పంచిండు, ఫొటోలు దిగిండు, పోయిండు. మిషన్ ఎట్ల ఆపాల్నో నువ్వు మన మాటల్ల రాసినన్నవ్ గదా, ఆ పాఠం ఏదే?" ఆ సాయంత్రం ఆయన్ని అడిగాను. "రెండో విడతలో చెప్తాంలే. నువ్వు నీ బడి చూసుకో," అన్నాడు. రెండో విడత రాకముందే మోటారు బెల్టు నా చెల్లెల్ని లాక్కుంది.

మట్టి చేసిన రోజు ఆయన కారు పక్కన నిలబడి ఎవరికో ఫోన్లో చెప్తున్నాడు. "చున్నీ వేసుకుని బెల్టు దగ్గరికి ఎవరైనా వెళ్తారాండీ? డిగ్రీ చదివిన పిల్ల." ఆ మాటే తర్వాత ఆఫీసు మాట అయింది. పని చేసే మనిషిదే అజాగ్రత్త అని తేల్చారు. పెద్దగా ఏడిస్తే విలేకర్లు చేరతారని ఆ సాయంత్రమే నన్ను కారెక్కించాడు. అమ్మ గుడిసెలోపల ఉంది. ఆమె మెడ పట్టుకోకుండానే వచ్చేశాను.

తర్వాత ఎప్పుడు వెళ్తానన్నా ఏదో ఒకటి అడ్డం వచ్చింది. నా బడి పరీక్షలు, అత్తగారి మోకాళ్ళు, ఆయన ఆడిట్. అమ్మ ఫోన్లో "తిన్నవా" అని తప్ప ఇంకేమీ అడిగేది కాదు. పక్కింటి జంపక్కే ఒకసారి ఫోన్ లాక్కుని తిట్టింది. "ఏందే, మీటింగ్‌కు జనం తక్కువైతేనే తోలుకొస్తడా నీ మొగుడు? మీ యాడి గొంతు మూసుకపోయింది. నువ్వొస్తెనే తెరుస్తది."

యాడి అంటే మా మాటల్లో అమ్మ. జంపక్క అన్నది మా ఆచారం గురించి. చావు తర్వాత దూరాన ఉన్న కూతురు తండాలో అడుగుపెడితే, ఆడవాళ్ళు ఎదురొచ్చి ఆమె మెడ పట్టుకుని రాగం తీస్తారు. పైకి వినేవాళ్ళకు అది పాటలాగే ఉంటుంది. లోపలంతా మాటలు. పోయిన మనిషి ఎట్లా పోయింది, ఎవరు ఏమన్నారు, ఎవరు చూస్తూ ఊరుకున్నారు, అన్నీ అందులో చెప్తారు. ఎంత పెద్దమనిషైనా మధ్యలో ఆపకూడదు. ఆ రాగంలో అబద్ధం పలికితే చనిపోయినవాళ్ళ ముందు పలికినట్టే.

చొక్కా తొడుక్కుంటూ ఆయన, "మేడం దిగగానే మీ వాళ్ళతో ఒక పాట పాడించాలి, స్వాగత గీతం. చెప్పగలవా?" అన్నాడు.

"చెప్పనక్కర్లేదు," అన్నాను. "నన్ను కూడా తీసుకెళ్ళండి. నేను దిగితే వాళ్ళే మొదలుపెడతారు."

"నువ్వెలాగూ రావాలి. వాళ్ళు చెప్పింది మేడంకి ఎవరు చెప్తారు మరి? కొంచెం బాగా చెప్పు. ఇది నచ్చితే అడవి వైపు తండాలన్నిటికీ ఇదే మిల్లు, ఇదే శిక్షణ. మొత్తం నా చేతికే వస్తుంది."

కాలర్ మీద ఒక ముడత మిగిలింది. చొక్కా విప్పించి మళ్ళీ ఇస్త్రీ చేశాను. ఆయన ఆ ఫొటోల్లో చక్కగా కనిపించాలని నిజంగానే కోరుకున్నాను.

దారి పొడుగునా ఆయన ఉపన్యాసం బట్టీ పట్టాడు. తండా మొదట్లో బ్యానరు, దండలు, కడిగి పసుపు రాసిన మిల్లు. మేడం కారు దిగారు. నడివయసు మనిషి, నూలు చీర. వెనకే ఆగిన మా కారులోంచి నేను దిగాను.

అమ్మ నన్ను చూసింది. నడిచి వచ్చి రెండు చేతులూ నా మెడ చుట్టూ వేసి, నా భుజం మీద నుదురు ఆనించి గొంతు విప్పింది. జంపక్క వచ్చింది, మిగతావాళ్ళు వచ్చారు. మగవాళ్ళు తలపాగాలు తీసి పక్కకు జరిగారు.

"ఎంత బాగా పాడుతున్నారు. ఏం పాట ఇది?" అన్నారు మేడం.

"స్వాగత గీతం మేడం. అతిథులు వస్తే ఇలాగే పాడతారు," అన్నాడు వెంకటకృష్ణ. ఫొటోగ్రాఫరును ముందుకు రమ్మని సైగ చేశాడు.

"స్వాగతం కాదు మేడం," అన్నాను. "చావు ఏడుపు. ఈ మిల్లులో చనిపోయిన హేమలత నా చెల్లెలు. ఈమె మా అమ్మ సక్రి. ఏమంటున్నదో చెప్పమంటారా?"

మేడం కెమెరా వైపు చెయ్యి అడ్డం పెట్టారు. "చెప్పమ్మా."

అమ్మ ఒక వరుస పాడి ఊపిరి తీసుకున్నప్పుడల్లా నేను తెలుగులో చెప్పాను. "మిషన్ నడిపించుడే చూపిండ్రు బిడ్డా, ఆపుడు చూపలే. నా బిడ్డ మీద చున్నీ లేదు, జడ చిక్కింది. చున్నీ అని మాతోటి చెప్పించిండ్రు."

"సరళా, ఇక చాలు. ఆమెకు ఆరోగ్యం బాగాలేదు మేడం," అన్నాడు ఆయన.

"నడుమ మాట్లాడొద్దు సారు," అంది జంపక్క తెలుగులోనే. "ఇది మీ మీటింగ్ కాదు."

జంపక్క చెప్పగా నాకు తెలిసింది అంతవరకే. దాని కోసమే వచ్చాను. కానీ అమ్మ ఆగలేదు. చేతులు ఇంకా బిగించి, గొంతు తగ్గించి, ఇంతకాలం దాచిన మాట అందుకుంది. ఆ వరుసను అమ్మ రెండోసారి పాడింది, నేను వినలేదనుకుందేమో.

"చెప్పమ్మా," అన్నారు మేడం.

బడిలో పాఠం చెప్పే గొంతుతోనే చెప్పాను. "నీ కాపురం కూలుతదని ఇన్నాళ్ళు నోరు కట్టుకున్న బిడ్డా. బెల్టు మీద రేకు మూత ఉండె. ఫొటోలల్ల మిషన్ కనపడుతలేదని దాన్ని విప్పించిండు. మళ్ళ పెట్టియ్యలే. ఆ రేకు మన కోళ్ళగంప మీదనే ఉన్నది. విప్పించింది నీ మొగుడే."

మేడం నన్నూ అమ్మనూ మార్చి మార్చి చూశారు. "నీ మొగుడు అంటే, ఎవరి భర్త?"

"నా భర్తే. మీ పక్కన తెల్లచొక్కాలో ఉన్నారు. నేను ఇక ఈ తండాలోనే ఉండిపోతాను, ఆయన తిరిగి మీతో వస్తారు. ముందు కోళ్ళగంప చూద్దాం రండి."