కెచప్‌తో హాట్‌డాగ్ తినేవాడు

ఆట ముగియకముందే లేచి వెళ్లిపోయేవాణ్ణి నేను మనిషిగా లెక్కపెట్టను. తొమ్మిది ఇన్నింగ్స్ ఆటలో ఎనిమిదో దాంట్లోనే కారు తాళాలు చేతిలో ఆడించేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. ట్రాఫిక్కట! సొంత జట్టు ఓడిపోతుంటే దగ్గరుండి చూడటానికే కదా అభిమాని అనేవాడు ఉన్నది. గెలిచే రోజు ఎవడైనా ఉంటాడు.

ఫుట్‌బాల్ సంగతికొస్తే, వారానికొక్క ఆట ఆడి మిగతా ఆరు రోజులూ దాని గురించి కొట్టుకు చావడం. అదీ ఒక ఆటేనా? బేస్‌బాల్ రోజూ తినే రొట్టె లాంటిది. రుచిగా లేదని మానేయలేం. ఇక హాట్‌డాగ్ మీద ఆవముద్ద పడాలి, ఉల్లిపాయ పడాలి, ఊరబెట్టిన దోసకాయ పడాలి. కెచప్ మాత్రం పడకూడదు. ఏడేళ్లు దాటినవాడు హాట్‌డాగ్ మీద కెచప్ వేసుకుంటే మా షికాగోలో పెళ్లి సంబంధాలు కూడా వెనక్కి పోతాయి.

లూషస్ కెచప్ వేసుకునేవాడు. అదీ ఒక గీత కాదు, హాట్‌డాగ్ మునిగిపోయేంత.

స్టేడియంలో మూడో బేస్ వైపు పదకొండో వరుసలో, ప్రతి ఆదివారం మధ్యాహ్నం, పద్నాలుగేళ్లు పక్కపక్కనే కూర్చున్నాం. నేను వాణ్ణి ‘కెచప్’ అనేవాణ్ణి, వాడు నన్ను ‘ఆవాలు’ అనేవాడు. నా భార్య ఇరీన్ పోయాక నేను నోరు విప్పి గట్టిగా పోట్లాడింది ఆ ఒక్కడితోనే. అయినా వాడి ఇంటిపేరు నాకు తెలియదు, ఫోన్ నంబరు తెలియదు. ఆదివారం వస్తే మనిషి అక్కడే ఉంటాడు, ఇంక నంబరెందుకు?

మా ఇద్దరి ఒళ్లోనూ చెరొక స్కోరు పుస్తకం ఉండేది. ఏ బ్యాటర్ ఏం చేశాడో పెన్సిలుతో గడిలో రాసుకుంటాం. ఒకడు తిండి కోసం లేస్తే రెండోవాడు ఇద్దరి పుస్తకాలూ నింపాలి. అది మా వరుసలో ఎవరూ చెప్పని, ఎవరూ తప్పని ఆచారం. “నలభై ఏళ్లుగా నా పుస్తకంలో ఒక్క గడి ఖాళీ లేదు” అని లూషస్ కోతలు కోసేవాడు.

పోయిన సెప్టెంబరు, సీజన్లో మా చివరి ఆదివారం. ఏడో ఇన్నింగ్స్ అయ్యేసరికి ఆరు ఒకటితో వెనకబడి ఉన్నాం. లూషస్ లేచి నిలబడి పుస్తకం నా ఒళ్లో పెట్టాడు.

“నేను బయల్దేరతాన్రా ఆవాలూ. మిగతాది నింపి పెట్టు.”

“పారిపోతున్నాడర్రోయ్!” అని అరిచాను. “ఓడిపోతుంటే పారిపోయేవాడు కెచప్ తినక ఇంకేం తింటాడు!”

వరుసంతా నవ్వింది. వాడూ నవ్వాడు. కమ్మీ పట్టుకుని మెట్లెక్కి వెళ్లిపోయాడు.

ఏప్రిల్లో ఆటలు మొదలయ్యాయి. వాడి పుస్తకం సంచిలో పెట్టుకుని వెళ్లాను. పక్క సీట్లో ఎవరో కుర్ర జంట. తర్వాతి వారం ఇంకెవరో. మే నెలలో టికెట్ల ఆఫీసుకు వెళ్లి ఆ సీటాయన ఎక్కడున్నాడో చెప్పమన్నాను.

“వేరేవాళ్ల వివరాలు ఇవ్వకూడదండీ” అంది కౌంటర్లో అమ్మాయి. “ఆయన మీకేమవుతారు?”

“పక్క సీటు” అని వచ్చేశాను. ఆ రోజు ఇంటికొచ్చి వంటింట్లో కూర్చుంటే, నాకు ఈ ఊళ్లో ఎవరూ లేరని మొదటిసారి తెలిసింది.

మధ్యాహ్నం రేడియోలో ఒక కార్యక్రమం వస్తుంది. జనం ఫోన్లు చేసి ఆటల గురించి అరుచుకుంటారు. లూషస్ రోజూ వింటాడు, ఎప్పుడూ ఫోన్ చేయడు. “కెచప్ నెగ్గిన రోజు చేస్తా” అనేవాడు. అందుకని ఒక మంగళవారం నేనే చేశాను.

“చెప్పు బాబాయ్, ఎవరిని తిడదాం?” అన్నాడు కార్యక్రమం నడిపే రికో.

“ఎవర్నీ కాదు. నా పేరు కాజ్. హాట్‌డాగ్ మీద కెచప్పే సరైనది. పద్నాలుగేళ్లు నేను పొరబడ్డాను. ఒకాయన వింటుంటాడని చెబుతున్నా.”

“బాబాయ్, మందులు వేసుకోవడం మర్చిపోయావా?”

ఊరంతా నా మీద పడింది. రెండు రోజులు ఫోన్లే ఫోన్లు. “ఆ ముసలోణ్ణి ఊళ్లోంచి తోలేయండి” అన్నాడొకడు. “ఎవరింటి అల్లుడో పాపం” అందొకావిడ. నేను రేడియో ముందు కూర్చుని ప్రతి గొంతూ విన్నాను. వాడి గొంతు లేదు.

మూడో రోజు రికోయే నాకు ఫోన్ చేశాడు. వేళాకోళం లేదు. “బాబాయ్, కార్యక్రమంలో ఉన్నావు, లైన్లో ఒకావిడ ఉంది. మాట్లాడు.”

“ఆవాలు గారు మీరేనా?” అందావిడ. “ఏమీ అనుకోకండి, నాన్న చెప్పిన పేరు అదొక్కటే. నా పేరు ఇమోజీన్. లూషస్ గారమ్మాయిని. నాన్న అక్టోబరులో పోయారు.”

బల్ల మీదున్న వాడి పుస్తకాన్ని దగ్గరికి లాక్కున్నాను.

“ఆసుపత్రిలో మిమ్మల్ని అడిగారండీ. ‘నా పుస్తకం ఆవాలు దగ్గరుంది, పిలవండి’ అని. ఇంటిపేరు ఏంటి నాన్నా అంటే తెల్లమొహం వేశారు. టికెట్ల ఆఫీసుకెళ్లి అడిగితే వివరాలు ఇవ్వకూడదన్నారు.”

“ఆ రోజు వాడికి ఒంట్లో బాగోలేదా అమ్మా?”

“గుండె పట్టేసిందట. మీకు చెప్పలేదా అంటే, ‘చెబితే ఆట వదిలేసి నా వెంట వచ్చేస్తాడు వెధవ, పుస్తకం ఎవడు నింపుతాడు?’ అన్నారు.”

“పారిపోతున్నావన్నానమ్మా” అన్నాను. “అందరి ముందూ.”

“తెలుసండీ. అది చెప్పే నవ్వేవారు.” ఆ వెంటనే అడిగింది. “నింపారా?”

“ఒక్క గడి ఖాళీ లేదు.”

చదవమంది. ఎనిమిదో ఇన్నింగ్స్ నుంచి ఒక్కొక్క బ్యాటర్నీ చదివాను. ఏడుపొస్తోంది, ఊరంతా వింటోంది, అయినా చదివాను. రికో ప్రకటనలు కూడా వేయలేదు. ఆఖరి బంతి కుడివైపు గాల్లోకి లేచింది, పట్టేశారు. ఆరు ఒకటి. ఓడిపోయాం.

శనివారం వాళ్లింటికెళ్లి పుస్తకం ఇచ్చి వచ్చాను. ఆదివారం ఆటకు వెళ్లి హాట్‌డాగ్ మీద కెచప్ వేయించుకున్నాను, మునిగిపోయేంత. అమ్మేవాడు నన్ను ఎగాదిగా చూశాడు. సీట్లో కూర్చుని ఒక ముక్క కొరికాను.

చండాలంగా ఉంది. ఆ మాట చెబుదామని పక్కకు తిరిగాను.