ఏ చెట్టు మీదున్నడు

"సర్వపిండి వాళ్ళెవరు తింటరత్తా? ఆపిల్ పండ్లు కొనుక్కపోతే మర్యాదగ ఉంటది," మల్లేశ్ ఆ మాట అప్పటికి మూడోసారి అన్నాడు.

"పిండి తడిపినంక చెప్తవా ఆ ముచ్చట?" కిష్టవ్వ అల్లుడి వైపు చూడకుండా గిన్నె అడుగున పిండి అద్దుతోంది. "చెయ్యి ఇరిగిన పిల్లగాడు. ఉత్త పండ్లు పట్టుకపోతే దవాఖాన్ల చూడవోయినట్టుంటది."

"కారముంటది. వాళ్ళు సూడానోళ్ళు."

"సూడానోళ్ళకు నాలుక లేదా?"

కల్పన సింకు దగ్గర నిలబడి కూతురి టిఫిన్ డబ్బా తోముతోంది. నిన్న తోమిందే, పొద్దున మళ్ళీ తోమిందే. బర్ దుబాయ్‌లో ఆ ఒంటిగది ఫ్లాటులో అత్తా అల్లుళ్ళకు మాట తేడా వస్తే తీర్పు చెప్పేది తనే. ఆ శనివారం మాత్రం నోరు తెరవబుద్ధి కాలేదు. వాళ్ళ మాటలు పక్కింటి టీవీలోంచి వస్తున్నట్టు వినిపిస్తున్నాయి. పండ్లా, సర్వపిండా అన్నది కాదు గొడవ. అది ముగ్గురికీ తెలుసు. రేపు ఆ చెయ్యి విరిగిన పిల్లాడు అయూబ్ వాళ్ళింటికి వెళ్ళి ఏం చెప్పాలన్నదే గొడవ.

గురువారం మధ్యాహ్నం కూతురు కరుణ క్లాసు టీచర్ ఖుర్షీదా ఫోన్ చేసింది. ఆమెది హైదరాబాద్. కోపంలో కూడా నెమ్మదిగానే మాట్లాడే మనిషి.

"కల్పనాజీ, ఇంట్లో బచ్చీకి ఏం కథలు చెప్తున్నరు?" అని అడిగింది.

అయూబ్ ఆ ఏడే బళ్ళో చేరాడు. వాళ్ళ ఊళ్ళో యుద్ధం మొదలైనప్పుడు తాతను ఇంటి వాకిట్లోనే కాల్చేశారట. వాడికి ఆరేళ్ళు. పక్కవాడి దగ్గర రబ్బరు అడిగినంత మామూలుగా ఆ సంగతి చెప్పేవాడు. వాళ్ళమ్మ వాడి దగ్గర ఏదీ దాచలేదు. అది విన్నాక కరుణకు జాలేసింది. ఇద్దరికీ వచ్చిన కాస్త ఇంగ్లీషులో, "మీ తాత చచ్చిపోలేదు, చెట్టెక్కాడు. మా తాత కూడా అంతే," అని ధైర్యం చెప్పింది. ఏ చెట్టని వాడు అడిగితే బడి ఆవరణలో ఉన్న ఖర్జూరం చెట్టు చూపించింది. మట్టలు కొట్టడానికి వచ్చిన తోటపనివాళ్ళు నిచ్చెన ఆనించి టీకి వెళ్ళారు. ఎవరూ చూడకముందే అయూబ్ సగందాకా ఎక్కేశాడు. పడ్డప్పుడు ఎడమ మణికట్టు విరిగింది.

ఆ చెట్టు కథ కల్పన కల్పించినదే. కరుణకు మూడేళ్ళప్పుడు గోడమీది ఫొటో చూపించి, తాత ఏడీ అని అడిగింది. "మీ తాత కల్లుగీసేటోడు బిడ్డా. ఒకనాడు పొద్దుగాల చెట్టెక్కిండు. పైన గాలి మంచిగున్నదని ఆడనే ఉండిపోయిండు," అంది కల్పన. అప్పటికి అది చాలనుకుంది. పిల్ల మళ్ళీ మళ్ళీ అడిగేసరికి తాత పక్కన గిజిగాళ్ళు గూళ్ళు కట్టాయి, చిలుకలు కబుర్లు మోసుకొచ్చాయి, వానొస్తే తాటాకులే గొడుగయ్యాయి. నెల కిందట విజిట్ వీసా మీద వచ్చిన కిష్టవ్వ ఆ కథ విని ఏమీ అనలేదు. మర్నాడు మాత్రం అన్నం వడ్డిస్తూ మనవరాలిని అడిగింది, "ఇంకా దిగలేదా మీ తాత?"

"సరే, సర్వపిండే తీస్కపోదాం," మల్లేశ్ దిగొచ్చాడు. జెబెల్ అలీ గోదాములో ఫోర్క్‌లిఫ్ట్ నడిపే మనిషి, ఇరుక్కున్నచోట వెనక్కి తీయడం తెలిసినవాడు. "పోతం, సారీ చెప్తం, చాయ్ ఇస్తే తాగుతం, ఖలాస్. పోరికి మాత్రం తుపాకి గిపాకి ముచ్చట చెప్పేది లేదు. మర్చిపోతది."

"మర్చిపోనియ్యి," అంది కిష్టవ్వ. "ఆ చెట్టు కథ మంచిగుంటది. నాక్కూడ మంచిగనే ఉంటది."

కల్పన డబ్బా బోర్లించి చేతులు తుడుచుకుంది. ఇద్దరూ చెప్పేది సబబుగానే ఉంది. అవునని తల ఊపితే అయిపోయేది. ఊపబోయింది కూడా.

అప్పుడే కరుణ గుమ్మంలోకి వచ్చింది. గురువారం నుంచి ఆ పిల్ల సరిగ్గా తినలేదు. పొద్దున పెట్టిన ఉప్మా అలాగే ఉంది.

"అమ్మా, పైన ఎవ్వరూ లేరట," అంది. "అయూబ్ పడేటప్పుడు చూసిండట. ఉత్త ఆకులే ఉన్నయట."

కరుణ కుడిచేతిని వెనక దాచుకుంది.

"చెట్టు నేనే చూపెట్టిన. నేను చూపెట్టకపోతే వాడు ఎక్కకపోతుండె."

"నీదేం తప్పు లేదు నాన్నా, పో, ట్యాబ్‌ల బొమ్మలు చూసుకో, పో," అని మల్లేశ్ కూతురి భుజాలు పట్టి గదిలోకి తిప్పాడు. పిల్ల వెళ్ళింది. బొమ్మల చప్పుడు మాత్రం వినిపించలేదు.

కల్పన పీట లాక్కుని కూర్చుంది. చేతుల తడి ఆరుతుంటే వేళ్ళు తనవి కానట్టున్నాయి.

"నేను గూడ చూపెట్టిన," అంది.

మల్లేశ్‌కు అర్థం కాలేదు. మామ పోశయ్యను చలికాలంలో ఒక తెల్లవారుజామున తాటితోపులో కాల్చి చంపారని అతనికి తెలుసు. అంతకు నెల ముందు పోలీసు జీపు తాటితోపు దగ్గర ఆగితే, అడిగినవాళ్ళకు పోసినట్టే వాళ్ళకూ కల్లు పోశాడు పోశయ్య. అడవిలోని నక్సలైట్లకు అతను పోలీసుల మనిషైనట్టు చేరింది. ఆపైన ఊరంతా అనుకునేదే అతనికీ తెలుసు. వచ్చిన ఇద్దరికీ చెట్టు ఎక్కడుందో కిష్టవ్వే చెప్పిందనీ, కల్లుకు వచ్చారనుకుందనీ.

కల్లుగీసేవాళ్ళ ఇంట్లో అది రోజూ జరిగేదే. తెల్లారకముందే ఎవరో ఒకరు వాకిట్లో నిలబడి, పోశన్న ఏ చెట్టు మీదున్నడని అడుగుతారు. ఇంట్లో పిల్లలెవరో వెంటపోయి చూపిస్తారు. వచ్చినవాళ్ళు చెట్టు కింద చేరి, కల్లు పోయించుకోవడానికి తాటాకు దొప్పలా మడిచి పట్టుకుంటారు.

"అవ్వ చెప్పలే. అవ్వ బర్రె దగ్గరున్నది," కల్పన తల్లి వైపు చూపిస్తూ అంది. "ఇద్దరు వచ్చిండ్రు. చద్దర్లు కప్పుకున్నరు. మీ నాయిన ఏ చెట్టు మీదున్నడు పిల్లా అన్నరు. నేనే ముందట నడిచి చూపెట్టిన. నాయినా, నీకోసం వచ్చిండ్రు అని నేనే పిలిచిన. నేను పిలిస్తేనే దిగిండు."

"నీకు ఆరేండ్లే," అంది కిష్టవ్వ గట్టిగా.

"దానికీ ఆరేండ్లే," అంది కల్పన గది వైపు చూపిస్తూ.

కిష్టవ్వ పొయ్యి ఆర్పేసింది. అల్లుడికి చెబుతున్నట్టు మొదలుపెట్టింది. "ఊరోళ్ళు పొల్లను ఏమన్న అంటరేమోనని, చెట్టు నేనే చెప్పిన అన్న. పోలీసులు మూడుమార్లు వచ్చిండ్రు. ఎవరు కాల్చిండ్రో చెప్పుమన్నరు. వాళ్ళు ఉరుకుతుంటె చూసిన, అండ్ల ఒకన్ని గుర్తుపట్టిన. మా ఊరి ఈరవ్వ కొడుకు. మా మరిది చెప్పు వదినా, చెప్పు వదినా అని నా కాళ్ళు పట్టిండు. చెప్పలే."

"ఎందుకు చెప్పలేదత్తా?"

"చెప్తే పోలీసులు ఈరవ్వ ఇంటికి పోదురు. ఆడ ఇంకొకడు సస్తుండె. మళ్ళ వాళ్ళోళ్ళు మా మరిది కోసం వద్దురు. ఈరవ్వకు చిన్న బిడ్డ ఉండె, దీని ఈడుదే. ఆ పొల్లను గూడ ఎవడో ఒకడు మీవాడు యాడున్నడని అడుగుతుండె."

"భయానికే గద చెప్పంది?" మల్లేశ్ అడిగాడు.

"భయమే బిడ్డా. భయం గూడ ఉండె, ఇది గూడ ఉండె. ఏది ఎంతనో అప్పుడెవరు చూసిండ్రు? ఈరవ్వ, నేను ఆమె సచ్చేదాక మాట్లాడుకోలే. కని ఆమె బిడ్డ పెండ్లికి పోయి వచ్చిన. అన్నం తిన్న."

కల్పన తల్లి మొహం చూసింది. ఇరవై తొమ్మిదేళ్ళలో వాళ్ళిద్దరూ ఈ మాట ఎత్తింది ఇప్పుడే. తన బదులు అవ్వ నింద మోసిందని తెలిసీ తను ఎన్నడూ కాదనలేదు. అవ్వ కూడా ఎన్నడూ అడగలేదు. చెప్పుకుంటే గుండె తేలికవుతుందని అంటారు. అలాంటిదేమీ కాలేదు. గదిలో పిల్ల గోడవైపు తిరిగి, కుడిచేతిని తొడకింద పెట్టుకుని కూర్చున్నది మాత్రం కనిపిస్తోంది. ఆ కూర్చోవడం కల్పనకు తెలుసు. చూపుడువేలు ఎవరికీ కనిపించకూడదని తను ఆ చలికాలం అంతా అలాగే కూర్చుంది.

"పసిపిల్లకు రక్తం ముచ్చట ఎట్ల చెప్తవు?" అన్నాడు మల్లేశ్. ఈసారి గొంతులో వాదన లేదు.

"రక్తం ముచ్చట చెప్పను. అయూబ్‌కు వాళ్ళమ్మ ఎంత చెప్పిందో అంతే చెప్త. వాళ్ళమ్మ చెప్పిన నిజంతోని వాడు నేలమీదనే ఉన్నడు. నేను చెప్పిన కథతోని చెట్టెక్కిండు."

ఆమె లేచి కూతురిని పిలిచింది. కరుణ వచ్చి నాన్న మోకాళ్ళ మధ్య నిలబడింది. కిష్టవ్వ స్టూలు మీద కొంగు సర్దుకుని కూర్చుంది. కల్పన గొంతు పెద్దది చేయలేదు. రేపటి వంట గురించి చెప్పినట్టే చెప్పింది.

"కరుణా, తాత చెట్టు మీద లేడు. దిగిండు. దిగినంక ఇద్దరు మనుషులు తుపాకితోని కాల్చిండ్రు, చచ్చిపోయిండు. వాళ్ళకు చెట్టు చూపెట్టింది నేను. వాళ్ళెందుకొచ్చిండ్రో నాకు తెల్వది, నీకు నిచ్చెన సంగతి తెల్వనట్టే. కాల్చినోన్ని ఇంకోళ్ళు కాల్చకుండ అమ్మమ్మ ఆపింది, అది అమ్మమ్మ చెప్తది. నువ్వు ఏమడిగినా ఇయ్యాల చెప్తం. రేపు అందరం అయూబ్ వాళ్ళింటికి పోతం. ముందుగాల వాళ్ళమ్మను అడుగుత. ఆమె సరేనంటే వానికి గూడ నేనే చెప్త, నేను చెప్పిన కథ అబద్ధమని."