కాలి కాదు, గాలి

నా మనవడు ముప్పై వారాలకే పుట్టాడు. తల్లి సత్యప్రియకు ఆపరేషన్ కుట్లు, పైగా జ్వరం. అందుకని రాజపాళయం ఆసుపత్రిలో వాణ్ణి గుండెకు ఆనించుకుని కూర్చునే పని నాకొచ్చింది. నిన్ననే వాడి గొంతులోని గొట్టం తీసి, ముక్కులోకి వెచ్చటి తేమగాలి తోసే సన్నటి ట్యూబు పెట్టారు. ఇది పనిచేయకపోతే మళ్ళీ గొంతులో గొట్టమే అన్నాడు డాక్టరు.

ట్యూబు ముట్టుకోవద్దని నర్సు మీరా పదిసార్లు చెప్పింది. ముప్పై ఏళ్ళు స్పిన్నింగ్ మిల్లులో చేసినదాన్ని, ఒకసారి చెబితే చాలదా? ఒళ్ళు మండినా చెయ్యి మాత్రం ట్యూబు దరికి పోనివ్వలేదు.

పొద్దున పదింటికి నా మెడకు వెచ్చగా ఏదో తగిలింది. వాడి ఊపిరి అనుకుని మురిసిపోయాను, పిచ్చిదాన్ని. ఇంతలో మెషిన్ కూత పెట్టింది. తెర మీద వాడి ఆక్సిజన్ అంకె తొంభై రెండు కాస్తా ఎనభై అయిదైంది. వాడి ముక్కులోకి పోవాల్సిన గాలి నా మెడకు కొడుతోంది.

"గాలి! గాలి!" అని అరిచాను.

మీరా పరుగున వచ్చి గాలికి తేమ పట్టించడానికి మెషిన్‌కు వేలాడదీసిన నీళ్ళ సీసా చూసింది. "కాలి ఇల్లయే పాట్టీ, తణ్ణి ఇరుక్కు." ఖాళీ కాలేదు అవ్వా, నీళ్ళున్నాయి అని అరవంలో అంది.

నా గాలి ఆ పిల్ల చెవికి కాలి అయింది. సీసా ఖాళీ అయిందని అరుస్తున్నాననుకుంది. నలభై ఏళ్ళుగా సంతలో అరవంలో పోట్లాడే నాకు, గాలిని అరవంలో ఏమంటారో అప్పుడు గుర్తు రాలేదు. భయమేస్తే నోటికి అమ్మ నేర్పిన మాటే వస్తుంది.

"కాలి కాదే తల్లీ, గాలి! బిడ్డ ముక్కులోకి పోలే!"

ఆమె అంకె చూపే వైరు ఊడిందేమోనని వాడి పాదం దగ్గర సర్దుతోంది. డెబ్బై ఎనిమిది. నా అరచేతి కింద వాడి వీపు కదలడం మానింది. ఇక మాటలతో పని కాదని ఆమె చెయ్యి లాగి నా మెడకు అదిమాను.

మీరా ముఖం పాలిపోయింది. ట్యూబు ముక్కులో సరిగ్గా పెట్టి వాడి వీపు రుద్దింది. డెబ్బై ఒకటి. ఇంకా డెబ్బై ఒకటే. నేను దేవుడికి మొక్కలేదు, నోటికొచ్చినట్టు తిట్టాను. డెబ్బై ఆరు. ఎనభై నాలుగు. తొంభై.

అప్పుడు వాడు ఏడ్చాడు, పిల్లికూనలా. పుట్టినప్పటి నుంచి నిన్నటిదాకా గొంతులో గొట్టమే, తీశాక కూడా నోరు విప్పలేదు కాబట్టి వాడి ఏడుపు మేమెవరమూ వినలేదు. మీరా కళ్ళు తుడుచుకుని, పై వార్డుకు ఫోన్ కలిపి వాడి దగ్గర పెట్టింది.

"ఎవరత్తా అది, ఏడ్చేది?" అంది సత్యప్రియ.

"నీ కొడుకే. ఇప్పుడే నోరు తెరిచినాడు. ఉండు, ఊరుకోబెడతా."

"వద్దత్తా," అంది. "ఇంకొంచెం ఏడ్వనీండి."